తేదీ ఒక్కటే, రాత వేరు
స్ప్రెడ్‌షీట్‌లోకి తేదీలు పంపేటప్పుడు పాటించవలసిన పద్ధతి

ఉపకార వేతనం దరఖాస్తులో పేరు తర్వాత అడిగేది పుట్టిన తేదీ. వయోపరిమితి చూసేది ఆ ఎనిమిది అంకెలతోనే. మార్కుల పట్టికతో, ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో సరిచూసేదీ వాటితోనే. పేరులో ఒక అక్షరం తప్పితే కంటికి కనిపిస్తుంది. తేదీలో రోజు నెలగా, నెల రోజుగా మారితే చూసేవారికి అది కూడా మంచి తేదీలాగే కనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నేడు దరఖాస్తులు ఆన్‌లైన్ ఫారం నుండి డేటాబేస్‌లోకి, అక్కడి నుండి ఒక చిన్న ప్రోగ్రాం ద్వారా ఎక్సెల్ షీట్‌లోకి వెళ్తున్నాయి. ఈ ప్రయాణంలో ఎక్కువగా దెబ్బతినేది తేదీయే. కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలకు కాలేజీ ప్రాజెక్టులోనో, మొదటి ఉద్యోగంలోనో ఇటువంటి ప్రోగ్రాం రాసే పని తప్పక వస్తుంది. కామర్స్ చదివేవారు ఆ షీట్లను అందుకుని లెక్కలు కట్టవలసినవారు. కనుక ఈ పాఠం ఇద్దరికీ. తల్లిదండ్రులకు అవసరమైన సంగతులు చివర విడిగా ఇచ్చాను.

ఒక రాత, రెండు అర్థాలు

మన దేశంలో రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తాం. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. రెండు పద్ధతుల్లోనూ తప్పు లేదు. ఏ పద్ధతిలో రాశారో చెప్పకపోవడమే తప్పు.

మనందరికీ తెలిసిన ఆరు తేదీలు తీసుకుందాం. మొదటి మూడూ అమరజీవి పొట్టి శ్రీరాములు గారివి. మైలాపూరు రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆయన నిరాహార దీక్ష సాగింది. ఆ చోటనే నేడు ఆయన స్మారక భవనం ఉంది.

1. 16-03-1901 – శ్రీరాములు గారి జననం
2. 19-10-1952 – దీక్ష ప్రారంభం
3. 15-12-1952 – ప్రాణత్యాగం
4. 01-10-1953 – ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు
5. 01-11-1956 – ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు
6. 02-06-2014 – తెలంగాణ ఏర్పాటు

ఈ ఆరింటినీ ఇలాగే ఒక సీఎస్‌వీ ఫైలులో రాసి, అమెరికా పద్ధతి అమర్చి ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో తెరిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి మూడింటిలో 16వ నెల, 19వ నెల, 15వ నెల అనేవి లేవు కాబట్టి ఎక్సెల్ వాటిని తేదీలుగా ఒప్పుకోదు. ఉత్త అక్షరాలుగా, అంటే టెక్స్ట్‌గా వదిలేస్తుంది. నాలుగోది 1953 జనవరి 10 అవుతుంది. ఐదోది 1956 జనవరి 11. ఆరోది 2014 ఫిబ్రవరి 6.

ఆరింటిలో మూడు తేదీలే కావు, మూడు తప్పు తేదీలు. సరైనది ఒక్కటీ లేదు. అయినా తెర మీద ఎటువంటి హెచ్చరికా రాదు. అన్నిటికంటే ముందరి తేదీ ఏదని మిన్ సూత్రంతో అడిగితే అది అక్షరాలను లెక్కలోకి తీసుకోదు కనుక 1953 జనవరి 10 అని జవాబిస్తుంది. శ్రీరాములు గారి జననం, దీక్ష, మరణం మూడూ ఆ లెక్కలో లేకుండా పోయాయి.

దీన్నే ఏడాది మొత్తానికి లెక్క కట్టవచ్చు. ప్రతి నెలా 1 నుండి 12 వరకు ఉన్న రోజులు మొత్తం 144. వీటిలో 01-01, 02-02 వంటి 12 రోజులు ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 రోజులు చప్పుడు లేకుండా మరో తేదీగా మారిపోతాయి. 12 దాటిన తక్కిన 221 రోజులు అక్షరాలుగా మిగులుతాయి. అంటే ఏడాది పొడవునా పుట్టిన వందమంది పిల్లల జాబితాలో సుమారు 36 మంది పుట్టిన తేదీ తెలియకుండానే మారవచ్చు.

దాని ఫలితం చిన్నది కాదు. ఒక ఉపకార వేతనానికి 2026 జూన్ 1 నాటికి 18 ఏళ్ళు నిండి ఉండాలనే నియమం ఉందనుకుందాం. 07-03-2008న, అంటే మార్చి 7న పుట్టిన అమ్మాయికి అర్హత ఉంది. షీట్ ఆ తేదీని జూలై 3గా చదివితే ఆ అమ్మాయి పేరు అనర్హుల జాబితాలో పడుతుంది. అర్హత లేని మరొకరు అర్హులవుతారు. ఇద్దరిలో ఎవరికీ కారణం తెలియదు.

షీట్ లోపల ఉండేది అంకె

ఎక్సెల్‌లో మనకు కనిపించే తేదీ పైన తొడిగిన చొక్కా వంటిది. లోపల ఉండేది ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని, ఆ తర్వాతి ప్రతి రోజుకూ ఒకటి కలుపుతూ పోతుంది. 1952 అక్టోబర్ 19 లోపల 19286గా, 1952 డిసెంబర్ 15 లోపల 19343గా ఉంటాయి. తీసివేస్తే 57. మొదటి రోజును కూడా కలుపుకుంటే దీక్ష 58వ రోజున ముగిసిందని తెలుస్తుంది. బ్యాంకులో వడ్డీకి రోజులు లెక్కించేటప్పుడు మొదటి రోజు కలపాలా వద్దా అని ముందే నిర్ణయించుకున్నట్టే ఇక్కడా నిర్ణయించుకోవాలి.

సెల్‌లో ఈ అంకె ఉంటేనే తీసివేత, వయసు లెక్క, వరుసలో పెట్టడం సక్రమంగా జరుగుతాయి. అక్షరాలుగా ఉంటే జరగవు. పై ఆరు తేదీలనూ అక్షరాలుగానే ఉంచి ఆరోహణ క్రమంలో పెడితే 01-10-1953, 01-11-1956, 02-06-2014, 15-12-1952, 16-03-1901, 19-10-1952 అని వస్తాయి. అంటే తెలంగాణ ఏర్పడిన తర్వాత శ్రీరాములు గారు మరణించారు, ఆ తర్వాత పుట్టారు, ఆపైన దీక్షకు కూర్చున్నారు!

ఈ అంకెల విషయంలో రెండు విశేషాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఎక్సెల్‌కు 1900కు ముందు తేదీలు తెలియవు. లజ్ దగ్గరి పార్కుకు పేరైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867లో పుట్టారు. గురజాడ అప్పారావు గారి జన్మదినం 1862 సెప్టెంబర్ 21. ఇటువంటి తేదీలను టెక్స్ట్‌గానే ఉంచక తప్పదు. రెండు, పాత మ్యాకింటోష్ ఫైళ్ళలో లెక్క 1904 నుండి మొదలవుతుంది. రెండు లెక్కలకూ మధ్య తేడా 1462 రోజులు. అటువంటి ఫైలులోని తేదీలను మామూలు ఫైలులోకి తెచ్చినప్పుడు అన్నీ నాలుగేళ్ళ ఒక రోజు వెనక్కి పోయి కనిపిస్తే కారణం ఇదేనని వెంటనే పోల్చుకోవచ్చు.

రెండంకెల సంవత్సరం

మన పంచాంగంలో ప్రభవాది సంవత్సరాలు అరవై. శ్రీరాములు గారు దీక్ష చేసింది నందన నామ సంవత్సరం. 2012 ఉగాదితో మొదలైనదీ నందనే. పేరు మాత్రమే రాస్తే ఏ నందనో తెలియదు. 1952ను 52 అని రాయడం కూడా ఇటువంటిదే. అక్కడ అరవై ఏళ్ళ చక్రం, ఇక్కడ నూరేళ్ళ చక్రం.

కంప్యూటర్ తనకు తోచిన శతాబ్దాన్ని వేసుకుంటుంది. ఆ తోచడం కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. 15-12-52 అని ఎక్సెల్‌లో వేస్తే 1952 అవుతుంది. పైథాన్ భాషలో రెండంకెల సంవత్సరంగా చదివిస్తే 2052 అవుతుంది. పైథాన్ నియమం ప్రకారం 69 నుండి 99 వరకు 1900లలోకి, 00 నుండి 68 వరకు 2000లలోకి పోతాయి. తండ్రి 68లో, తల్లి 70లో పుట్టారని ఫారంలో రాస్తే ప్రోగ్రాం లెక్కలో తల్లి కంటే తండ్రి 98 ఏళ్ళు చిన్నవాడవుతాడు. విద్యార్థి తేదీ సరిగా ఉండి, తల్లిదండ్రుల తేదీ మాత్రమే చెడిపోవడానికి ఇదొక కారణం. సంవత్సరానికి ఎప్పుడూ నాలుగు అంకెలు వేయాలి.

ప్రోగ్రాం రాసేవారికి ఆరు నియమాలు

మొత్తం పద్ధతిని ఒక మాటలో చెప్పవచ్చు. లోపలికి వచ్చేటప్పుడు వరుస స్పష్టంగా చెప్పి చదివించండి, లోపల తేదీని తేదీగానే ఉంచండి, బయటికి పంపేటప్పుడు ఒక్కసారి మాత్రమే రూపం ఇవ్వండి. వివరాలు ఇవి.

1. ఊహించమని యంత్రానికి చెప్పవద్దు. పైథాన్‌లో పాండాస్ వాడేవారు టు డేట్‌టైమ్ ఆజ్ఞకు ఫార్మాట్ తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే 2023లో వచ్చిన 2.0 వెర్షన్‌కు ముందు అది ప్రతి తేదీకి విడివిడిగా ఊహించేది. ఒకే కాలమ్‌లో 01-10-1953ను జనవరి 10గా, 19-10-1952ను అక్టోబర్ 19గా చదివేది. ఆ తర్వాతి వెర్షన్లు మొదటి తేదీని చూసి వరుసను నిర్ణయించి, మిగతావాటికి అదే వర్తింపజేస్తాయి, కుదరకపోతే తప్పు చూపిస్తాయి. ఇది మేలే కానీ, జాబితాలోని తేదీలన్నీ 12వ తారీఖు లోపువే అయితే తప్పు చూపించడానికి అవకాశమే రాదు. డే ఫస్ట్ అనే ఎంపిక కూడా సూచన మాత్రమే, కచ్చితమైన నియమం కాదు.

2. చిన్న అక్షరం, పెద్ద అక్షరం చూసి వేయండి. పైథాన్‌లో శాతం గుర్తు పక్కన చిన్న ఎం నెల, పెద్ద ఎం నిమిషం. చిన్న వై రెండంకెల సంవత్సరం, పెద్ద వై నాలుగంకెలది. జావాలో ఇది తిరగబడుతుంది. అక్కడ పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. జావాలో సంవత్సరానికి చిన్న వై వాడాలి. పెద్ద వై వారాలను బట్టి లెక్కించే సంవత్సరం. దానితో 2024 డిసెంబర్ 31ని రాయిస్తే సంవత్సరం 2025 అని వస్తుంది. ఏడాదిలో తక్కిన రోజులన్నీ సరిగా ఉండి, డిసెంబర్ ఆఖరి రోజుల్లో మాత్రమే చెడుతుంది కాబట్టి పరీక్షల్లో ఇది పట్టుబడదు.

3. సీఎస్‌వీ పంపితే సంవత్సరం-నెల-రోజు వరుసలో పంపండి. సీఎస్‌వీలో ఉండేవి అక్షరాలు మాత్రమే. తెరిచే కంప్యూటర్ తన పద్ధతిలో అర్థం చెప్పుకుంటుంది. 1953-10-01 అని రాస్తే భారత అమరికలోనూ, అమెరికా అమరికలోనూ ఎక్సెల్ దాన్ని అక్టోబర్ 1గానే తీసుకుంటుంది. 1988లో మొదట వెలువడిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది ఈ వరుసే. అక్షరాలుగా ఉండిపోయినా వరుసలో సరిగా నిలవడం దీని మరో లాభం.

4. ఎక్సెల్ ఫైలే పంపితే తేదీని తేదీగా రాయండి. ఓపెన్‌పైఎక్సెల్‌లో సెల్‌కు తేదీ విలువ ఇచ్చి, దాని నంబర్ ఫార్మాట్‌లో రోజు-నెల-నాలుగంకెల సంవత్సరం అని వేయాలి. పాండాస్ ఎక్సెల్ రైటర్‌లో డేట్ ఫార్మాట్ అనే చోట ఇదే చెప్పవచ్చు. తేదీని ముందుగానే అక్షరాలుగా మార్చి రాస్తే అందంగా కనిపిస్తుంది కానీ లెక్కకు పనికిరాదు.

5. నక్షత్రం గుర్తు ఉన్న రూపాన్ని వాడవద్దు. ఎక్సెల్ తేదీ రూపాల పట్టికలో కొన్నిటి ముందు నక్షత్రం ఉంటుంది. అవి తెరిచే కంప్యూటర్ అమరికను బట్టి మారతాయి. అదే ఫైలు చెన్నైలో ఒకలా, న్యూజెర్సీలో మరోలా కనిపిస్తుంది. విదేశాల్లో ఉన్నవారు కూడా చూసే షీట్ అయితే నెలను అంకెగా కాక పేరుగా చూపడం మేలు.

6. పుట్టిన తేదీకి గంటలు తగిలించవద్దు. మన సమయం అంతర్జాతీయ సమయం కంటే ఐదున్నర గంటలు ముందు. జావాస్క్రిప్ట్‌లో 2008 జూలై 3 అర్ధరాత్రిని మన సమయంలో పెట్టుకుని ఐఎస్ఓ రూపంలోకి మార్చితే జూలై 2 సాయంత్రం 18-30 అని వస్తుంది. గంటలు కొట్టివేసి మిగిలింది రాసుకుంటే బిడ్డ ఒకరోజు ముందే పుట్టినట్టవుతుంది. జాబితాలో అందరి తేదీలూ ఒకరోజు వెనక్కి పోయి ఉంటే ఇక్కడ వెతకండి.

తేదీ కానిది తేదీ కావడం

చెన్నైలో ఇంటి నంబర్లు కొత్తది, పాతది కలిపి 12/5 అని రాయడం మామూలు. చిరునామాలో ఇంటి నంబర్‌కు విడిగా కాలమ్ పెడితే ఎక్సెల్ దాన్ని మే 12గానో, డిసెంబర్ 5గానో మార్చేస్తుంది. మార్చిన తర్వాత సెల్‌లో మిగిలేది తేదీ అంకె. రూపాన్ని మళ్ళీ టెక్స్ట్‌గా మార్చినా 12/5 తిరిగి రాదు. కనుక ఇంటి నంబరు, హాల్‌టికెట్ నంబరు, సెక్షన్ నంబరు ఉన్న కాలమ్‌లను ముందే టెక్స్ట్‌గా ప్రకటించాలి.

ఈ ఇబ్బంది శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మానవ జన్యువుల్లో కొన్నిటికి మార్చ్ 1, సెప్ట్ 1 వంటి సంక్షిప్త నామాలుండేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చివేయడంతో పరిశోధన పట్టికల్లో తప్పులు దొర్లాయి. చివరకు జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం అటువంటి పేర్లను మార్చ్‌ఎఫ్ 1, సెప్టిన్ 1 అని మార్చి, 2020లో కొత్త మార్గదర్శకాలు ప్రకటించింది.

పంపే ముందు తాళా చూడండి

బ్యాంకులో రోజు ముగిసేసరికి జమ, ఖర్చు సరిపోలనిదే పుస్తకం మూయరు. షీట్ పంపేవారు కూడా ఐదు తనిఖీలు చేయాలి.

ఒకటి, డేటాబేస్‌లో ఎన్ని తేదీలున్నాయో షీట్‌లో అన్నే ఉన్నాయా? చదవలేని తేదీలను ఖాళీగా వదలమని ప్రోగ్రాంకు చెప్పి ఉంటే ఆ ఖాళీల సంఖ్య తప్పక చూడాలి. రెండు, తేదీ కాలమ్‌లో ఈజ్‌నంబర్ సూత్రం వేసి, అంకెలు కాని సెల్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. మూడు, కనిష్ఠ, గరిష్ఠ తేదీలు చూడండి. ప్లస్ టూ విద్యార్థుల జాబితాలో 1953గానీ 2052గానీ ఉండకూడదు. నాలుగు, జాబితాలో ఒక్కరు కూడా 12వ తారీఖు తర్వాత పుట్టినవారు లేరంటే రోజు, నెల తారుమారయ్యాయని అనుమానించండి. ఐదు, 03-07 వంటి తేదీ ఒకటి, 25-08 వంటిది ఒకటి, డిసెంబర్ 31 ఒకటి తీసుకుని అసలు దరఖాస్తుతో పోల్చండి. ఏవో మూడు తీసుకుని చూడటం కంటే తప్పు పట్టే మూడింటిని ఎంచుకోవడం మేలు.

ఇవి కాక షీట్ మొదటి వరుసలో కాలమ్ పేరుతోపాటే పద్ధతి కూడా రాయండి. "పుట్టిన తేదీ, రోజు-నెల-సంవత్సరం" అంటే చాలు. చెక్కు చూడండి. తేదీకి ఎనిమిది గళ్ళు ముద్రించి, ఏ గడిలో ఏ అంకె వేయాలో వాటి కిందనే రోజుకు డి, నెలకు ఎం, సంవత్సరానికి వై అని చెప్పి ఉంటుంది. రాసేవారి ఊహకు ఏమీ వదలలేదు. మన షీట్ కూడా అలాగే ఉండాలి.

తల్లిదండ్రులకు

ఫారంలో తేదీ నింపేటప్పుడు గడుల కింద ఉన్న సూచన చూసి నింపండి. ఆన్‌లైన్ అయితే అంకెలు కొట్టడం కంటే క్యాలెండర్ నుండి ఎంచుకోవడం మేలు. సమర్పించే ముందు వచ్చే ప్రివ్యూలో నెల పేరు ఉంటే చదివి చూసుకోండి. మార్కుల పట్టిక, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఈ మూడింటిలోనూ తేదీ ఒకటిగా ఉందో లేదో దరఖాస్తు పెట్టే నెలలో కాక ముందే చూసుకోండి. వయసు కారణంగా దరఖాస్తు తిరస్కరించామని జవాబు వస్తే నిరాశపడి ఊరుకోవద్దు. మా అబ్బాయి పుట్టిన తేదీ మీ జాబితాలో ఏమని ఉందని మర్యాదగా అడగండి. రోజు, నెల తారుమారై ఉంటే సర్టిఫికెట్ నకలు జతచేసి సవరణ కోరండి.

అభ్యాసం

1. 05-08-2007 అని సీఎస్‌వీలో ఉంది. అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్ దాన్ని ఏమని చదువుతుంది?
2. 25-08-2007 అయితే?
3. 08-08-2007 అయితే?
4. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు నుండి ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు వరకు ఎన్ని రోజులు? రోజు, నెల తారుమారైన తేదీలతో లెక్కిస్తే ఎన్ని వస్తాయి?

జవాబులు: 1. మే 8. 2. తేదీ కాదు, టెక్స్ట్‌గా మిగులుతుంది. 3. ఆగస్టు 8, మార్పు లేదు. 4. అసలు 1127 రోజులు, తారుమారైతే 1096 రోజులు. తేడా 31 రోజులు. పదివేల రూపాయల మీద 9 శాతం సాధారణ వడ్డీ చొప్పున ఆ 31 రోజులకు సుమారు 76 రూపాయలు. ఒక ఖాతాకు ఇది చిన్న మొత్తమే. వేల ఖాతాల జాబితాలో ఇదే తేడా వస్తే ఎంతవుతుందో విద్యార్థులే లెక్కకట్టి చూడగలరు.